అస్తమయంతో ఆగని యుద్ధదినం

మహాభారత యుద్ధం జరిగిన 18 రోజుల్లో 14వ రోజుది ప్రత్యేకమైన స్థానం. మిగతా రోజుల్లో రెండు సేనలూ పొద్దుటే రణరంగానికి వచ్చి, పొద్దుగూకే వేళకు శిబిరాలకు తిరిగి వెళ్లేవి. ఆ ఒక్క రోజు మాత్రం సూర్యుడు అస్తమించినా పోరు ఆగలేదు. దివిటీల వెలుగులో అర్ధరాత్రి దాటేదాకా సాగి, సైనికులు ఉన్నచోటే నిద్రకు ఒరిగిపోయిన తర్వాత కాసేపు నిలిచి, చంద్రోదయంతో మళ్లీ మొదలై నేరుగా 15వ రోజులో కలిసిపోయింది. సాయంత్రం భూరిశ్రవుడు, పొద్దుగూకే వేళ సైంధవుడు, రాత్రి ఘటోత్కచుడు నేలకొరిగిన ఈ ఒక్క రోజు కథ ద్రోణపర్వంలోని ఎనిమిది ఉపపర్వాల్లో జయద్రథవధ పర్వం, ఘటోత్కచవధ పర్వం అనే రెండింటిని పూర్తిగా ఆక్రమించింది. ఆనాటి పోరు ఎవరి బలం ఎంత అన్నదానికంటే ఎవరి చేతిలో ఎంత పొద్దు మిగిలింది అన్నదాని మీద నడిచింది కనుక, ఆ దృష్టితో చదివినప్పుడే ఈ రెండు ఉపపర్వాల అల్లిక స్పష్టంగా తెలుస్తుంది.

దీనికి బీజం ముందురోజే పడింది. భీష్ముడు పదో రోజున కూలిన తర్వాత కౌరవ సేనాధిపత్యం స్వీకరించిన ద్రోణుడు, ధర్మరాజును ప్రాణాలతో పట్టి తెచ్చి ఇస్తానని దుర్యోధనుడికి మాట ఇచ్చాడు. అయితే అర్జునుడు దగ్గర లేనప్పుడే అది సాధ్యమని కూడా చెప్పాడు. అందుకే చావో గెలుపో తేల్చుకోనిదే వెనుదిరగమని శపథం పట్టిన సంశప్తకులు అర్జునుణ్ణి దూరంగా లాక్కుపోగా, 13వ రోజున ద్రోణుడు చక్రవ్యూహం పన్నాడు. తెలుగువారు పద్మవ్యూహమని పిలుచుకునేది దీనినే. వ్యూహంలోకి చొరబడడం తెలిసి బయటపడడం తెలియని అర్జునుడి కొడుకు అభిమన్యుడు దారి చీల్చుకుని లోపలికి వెళ్లాడు. వెన్నంటి రావలసిన భీముణ్ణి, ధర్మరాజును, నకుల సహదేవులను సింధుదేశపు రాజు జయద్రథుడు ద్వారం దగ్గరే నిలువరించాడు. సింధుదేశాధిపతి కావడం వల్లనే అతడికి సైంధవుడన్న పేరు వచ్చింది.

సైంధవుడు పరాయివాడు కాడు. కౌరవుల ఏకైక సోదరి దుస్సల భర్త, అంటే పాండవులకూ వరసకు బావ. అరణ్యవాస కాలంలో ద్రౌపదిని అపహరించబోయి పట్టుబడ్డాడు. చెల్లెలు విధవ కాకూడదని ధర్మరాజు అడ్డుపడినందువల్ల ప్రాణాలు దక్కినా, భీముడు అతడి తల గొరిగి ఐదు పిలకలు మిగిల్చి వదిలిపెట్టాడు. ఆ అవమానంతో గంగాద్వారంలో తపస్సు చేసి, అర్జునుణ్ణి తప్ప మిగిలిన పాండవులను ఒక్క రోజు నిలువరించగలిగే వరాన్ని శివుడి నుంచి పొందాడు. ఆ వరం 13వ రోజున ఖర్చయిపోయింది. లోపల ఒంటరివాడైన అభిమన్యుణ్ణి ఆరుగురు రథికులు చుట్టుముట్టి విల్లు, గుర్రాలు, సారథి, కత్తి, డాలు ఒక్కొక్కటిగా పోగొట్టిన తర్వాత, దుశ్శాసనుడి కొడుకు గదతో మోది చంపాడు. నేటికీ పనికి అడ్డుపడేవాణ్ణి సైంధవుడని తెలుగువారు విసుక్కునేది ఆనాటి ద్వారం దగ్గరి పని వల్లనే.

సాయంత్రం శిబిరానికి వచ్చి కొడుకు మరణవార్త విన్న అర్జునుడు, మరునాడు సూర్యుడు అస్తమించేలోగా సైంధవుణ్ణి చంపుతానని, చంపలేకపోతే మండే అగ్నిలో ప్రవేశిస్తానని ప్రతిజ్ఞ చేశాడు. అభిమన్యుణ్ణి స్వయంగా చంపినవాడు సైంధవుడు కాకపోయినా శపథం అతడి మీదికే మళ్లింది. తనతో ఒక్క మాటైనా చెప్పకుండా ఇంత భారం నెత్తికెత్తుకున్నందుకు కృష్ణుడు అర్జునుణ్ణి మందలించాడని మూలం చెబుతుంది. ఆ మందలింపు వెనుక ఉన్న లెక్క చిన్నది కాదు. అంతవరకు పాండవుల లక్ష్యం యుద్ధం గెలవడం. ఇప్పుడు ఒక మనిషిని ఒక గడువులోగా పట్టుకోవడం. శత్రువుకు ఎప్పుడూ లేని అవకాశం కూడా దీనితో చేతికి వచ్చింది. అర్జునుణ్ణి ఓడించవలసిన అవసరం లేదు, సాయంత్రం దాకా ఆపితే చాలు, అతడి చావును అతడే కొని తెచ్చుకుంటాడు.

ఈ సంగతి వేగుల ద్వారా కౌరవ శిబిరానికి చేరగానే సైంధవుడికి గుండె జారిపోయింది. తనను ఇంటికి పంపించమని నిండు సభలో అడిగాడు. దుర్యోధనుడు ధైర్యం చెప్పాడు, ద్రోణుడు అర్జునుడు దాటలేని వ్యూహం పన్నుతానని అభయమిచ్చాడు. అవతలి శిబిరంలో కృష్ణుడు పుత్రశోకంలో ఉన్న సుభద్రను ఓదార్చి, తన సారథి దారుకుణ్ణి పిలిచి, తన సొంత రథాన్ని ఆయుధాలతో సిద్ధంగా ఉంచమని, పాంచజన్య శంఖం ఋషభస్వరంలో వినిపిస్తే వెంటనే తోలుకు రమ్మని చెప్పి ఉంచాడు. అర్జునుడి ప్రయత్నం తప్పితే ఆయుధం పట్టనన్న తన మాటను పక్కన పెట్టి తానే రంగంలోకి దిగడానికి కృష్ణుడు మానసికంగా సిద్ధపడ్డాడన్న మాట. ఆ రాత్రే అర్జునుడు కలలో కృష్ణుడితో కలిసి కైలాసానికి వెళ్లి, శివుడి నుంచి పాశుపతాస్త్రాన్ని తిరిగి పొందినట్టు కథ.

తెల్లవారేసరికి ద్రోణుడు మూడు పొరల వ్యూహం నిలిపాడు. వ్యూహమంటే సేనలోని రథ, గజ, అశ్వ, పదాతి దళాలను ఒక ఆకృతిలో అమర్చే పద్ధతి. శకట, సూచీ, మకర, గరుడ వ్యూహాల వంటివి మనుస్మృతి ఏడవ అధ్యాయంలో రాజధర్మంలో భాగంగా కనిపిస్తాయి. ఆనాడు ముందు భాగంలో బండి ఆకారంలో శకటవ్యూహం, దాని వెనుక పద్మవ్యూహం, ఆ పద్మగర్భంలో సూది మాదిరి సన్నని సూచీవ్యూహం ఏర్పడ్డాయి. శకటం ముఖద్వారంలో ద్రోణుడు, సూది మొన దగ్గర కృతవర్మ, అన్నింటికీ వెనుక సైంధవుడు. అతడి చుట్టూ కర్ణుడు, అశ్వత్థామ, శల్యుడు, కృపుడు, కర్ణుడి కొడుకు వృషసేనుడు కాపలా ఉన్నారు.

ఈ వ్యూహం పొడవు 12 గవ్యూతులు, వెనుక భాగపు వెడల్పు 5 గవ్యూతులు అని మూలం లెక్క చెబుతుంది. గవ్యూతి అంటే రెండు క్రోసులు, అర యోజనం. యోజనానికి 8 మైళ్ల లెక్క పట్టుకుంటే వ్యూహం పొడవు 48 మైళ్లు అవుతుంది. కావ్యాల్లోని అంకెలను సర్వే కొలతల్లా చదవడం తగదు; 21,870 రథాలు, అన్నే ఏనుగులు, 65,610 గుర్రాలు, 1,09,350 మంది కాల్బలం కలిస్తే ఒక అక్షౌహిణి అని, అలాంటివి 18 ఆ మైదానంలో నిలిచాయని చెప్పే గ్రంథంలో ఈ కొలతలూ ఆ ప్రమాణానికి తగినట్టే ఉంటాయి. అయినా ఇక్కడ అంకె వెనుక ఉన్న ఆలోచన ముఖ్యం. ద్రోణుడు సైంధవుడి ముందు గోడ కట్టలేదు, దూరం పరిచాడు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా దారి పొడవునా యుద్ధం చేస్తూ దాటవలసినంత దూరం అది.

అర్జునుడు బయలుదేరే ముందు ధర్మరాజు రక్షణను సాత్యకికి అప్పగించాడు. సాత్యకి యాదవ వీరుడు, అర్జునుడి దగ్గర విలువిద్య నేర్చుకున్న శిష్యుడు. తొలి అడ్డంకిగా వచ్చిన కౌరవ సోదరుడు దుర్మర్షణుడి సేనను, ఆ వెంటనే దుశ్శాసనుడి ఏనుగుల దళాన్ని చెదరగొట్టి, అర్జునుడు శకటం ముఖద్వారంలో గురువుకు ఎదురుపడ్డాడు. ఇద్దరి మధ్య కొంతసేపు సమ ఉజ్జీగా పోరు సాగేసరికి, కాలం వృథా అవుతోందని కృష్ణుడు హెచ్చరించాడు. అర్జునుడు ద్రోణుడికి ప్రదక్షిణంగా రథం తిప్పించుకుని పక్కనుంచి ముందుకు సాగిపోయాడు. శత్రువును జయించకుండా వెళ్లిపోతున్నావేమని ద్రోణుడు ఎత్తిపొడిస్తే, మీరు నాకు గురువులే గాని శత్రువులు కారు, నేను మీ కొడుకులాంటి శిష్యుణ్ణి అని వినయంగా బదులిచ్చాడు. ఆ వినయంలో నిజమైన గౌరవం ఉంది, సమయం ఆదా చేసుకునే చాకచక్యమూ ఉంది.

లోపలి దారిలో ఎదురైనవారిలో శ్రుతాయుధుడి కథ చెప్పుకోదగినది. అతడి గద వరుణుడిచ్చింది. యుద్ధం చేయనివాడి మీద విసిరితే తిరిగి వచ్చి విసిరినవాణ్ణే చంపుతుందన్న షరతుతో ఇచ్చింది. ఆవేశంలో ఆ మాట మరిచి, పగ్గాలు తప్ప ఆయుధం పట్టని కృష్ణుడి మీద విసిరి, తన గదకు తానే బలయ్యాడు. కాంభోజ రాజు సుదక్షిణుడు, మరికొందరు రాజులు కూడా ఆ దారిలోనే కూలారు. అర్జునుడు లోపలికి చొచ్చుకుపోయాడని తెలిసి దుర్యోధనుడు ద్రోణుడి దగ్గరకు పరుగెత్తుకొచ్చి, పక్షపాతంతో దారి ఇచ్చారని నిష్ఠురమాడాడు. తాను వృద్ధుణ్ణని, కృష్ణుడు తోలే గుర్రాలను వెంబడించి అందుకోలేనని, పైగా అర్జునుడు దగ్గర లేని ఈ సమయంలో ధర్మరాజును పట్టుకునే తన ప్రతిజ్ఞ నెరవేర్చుకోవలసి ఉందని ద్రోణుడు సమాధానమిచ్చాడు. ఆపైన మంత్రపూర్వకంగా ఒక అభేద్యమైన బంగారు కవచాన్ని దుర్యోధనుడికి తొడిగి, నువ్వే వెళ్లి అర్జునుణ్ణి ఎదుర్కొమ్మని పంపాడు. ఆ రోజు కౌరవ పక్షంలోని అసలు బలహీనత ఇక్కడే బయటపడింది. సైంధవుణ్ణి కాపాడడం, ధర్మరాజును పట్టుకోవడం అనే రెండు పనులను సేనాపతి ఒకేసారి నెత్తిన పెట్టుకున్నాడు. మొదటిదానికి వెనుక ఉండాలి, రెండోదానికి ముందు ఉండాలి. ద్రోణుడు ముందే ఉండిపోయాడు.

పొద్దు పడమటికి వాలడం మొదలయ్యేసరికి అర్జునుడి గుర్రాలు అలిసిపోయాయి. సైంధవుడు ఇంకా దూరంగానే ఉన్నాడు. ఇక్కడ మహాభారత యుద్ధవర్ణనల్లోనే అరుదైన సన్నివేశం ఒకటి వస్తుంది. గుర్రాలను రథం నుంచి విప్పి, వాటి ఒంట్లో దిగిన బాణాలు తీయడం మంచిదని అర్జునుడే సూచించి, తాను గాండీవం పట్టుకుని నేలమీదికి దిగి చుట్టూ ఉన్న రథికులందరినీ ఒంటరిగా నిలువరించాడు. గుర్రాలకు తాగడానికి నీళ్లు లేవని కృష్ణుడు అంటే అస్త్రంతో నేలను చీల్చి కొలను పుట్టించాడు. దాని మీద బాణాలే స్తంభాలుగా, బాణాలే దూలాలుగా, బాణాలే కప్పుగా ఒక ఇల్లు కట్టాడు. ఆ నీడలో కృష్ణుడు తొందర లేకుండా ఒక్కొక్క గుర్రం ఒంట్లోంచి బాణపు ములుకులు చేతులతో పెరికి, ఒళ్లు తోమి, నేలమీద పొర్లించి, నీళ్లు తాగించి, మేత పెట్టి, అలసట, వణుకు, నోట నురగ, గాయాల బాధ తగ్గిన తర్వాతే మళ్లీ రథానికి పూన్చాడు. అర్జునుడి బాణాల ఇంటి కంటే గుర్రాల సంగతి తెలిసిన సారథి చేసే ఈ మామూలు పనుల వరసే ఆ సన్నివేశానికి ప్రాణం పోసింది. ఒక్కొక్క గడియా లెక్కపెట్టుకోవలసిన రోజున, ముందుకు పోవడానికి ఆగడం అవసరమని గుర్తించినవాళ్లు ఆ ఇద్దరే.

ఆ తర్వాత కవచం తొడుక్కుని వచ్చిన దుర్యోధనుడి మీద అర్జునుడి బాణాలు పనిచేయలేదు. ద్రోణుడి కవచబంధాన్ని గుర్తుపట్టిన అర్జునుడు, కవచం కప్పని అరచేతులనూ వేళ్లనూ గురిపెట్టి కొట్టి అతణ్ణి తప్పుకునేలా చేశాడు.

ముందు వైపున మరో కథ నడుస్తోంది. ధర్మరాజుకు దూరం నుంచి పాంచజన్య ధ్వని వినిపించింది కాని గాండీవ ధ్వని వినిపించలేదు. కంటికి కనిపించనంత దూరాన ఉన్నవారి క్షేమం శంఖాల మోతను బట్టే తెలుసుకోవలసిన కాలం కనుక, అర్జునుడికేదో అయిందని, కృష్ణుడొక్కడే పోరాడుతున్నాడని అతడు భయపడి, సాత్యకిని వెళ్లమన్నాడు. తనకు అప్పగించిన రక్షణ బాధ్యతను ఎలా వదలమంటారని సాత్యకి చాలాసేపు వాదించి, చివరికి భీముడి మీద భారం పెట్టి కదిలాడు. ద్రోణుడు అడ్డగిస్తే, గురువు నడిచిన దారిలోనే శిష్యుడు నడవాలి అంటూ అర్జునుడు పోయినట్టే పక్కనుంచి దాటిపోయాడు. కాసేపటికి ధర్మరాజు మనసు మళ్లీ నిలవక, భీముణ్ణి కూడా పంపాడు. అతడు పాండవ సేనాపతి ధృష్టద్యుమ్నుడికి అన్నను అప్పగించి వెళ్లాడు. భీముడు ద్రోణుడి ముందు వినయం నటించలేదు. నేను అర్జునుణ్ణి కాను అని మొహం మీదే చెప్పి, గురువు రథాన్ని ఎత్తి కుదేసి ముందుకు సాగాడు. ఒకే ద్వారాన్ని ఒకే మనిషి ముందు నుంచి ముగ్గురు మూడు రకాలుగా దాటిన తీరులో ఆ ముగ్గురి స్వభావాలూ వర్ణన అక్కరలేకుండానే తెలిసిపోతాయి.

ఆ దారిలో భీముడు అనేకమంది కౌరవ సోదరులను చంపాడు. వారిలో వికర్ణుడు ఒకడు. జూదసభలో ద్రౌపది పక్షాన గొంతు విప్పిన వికర్ణుణ్ణి, నూరుగురినీ చంపుతానన్న మాట కోసం చంపవలసి వచ్చిందని భీముడే బాధపడ్డాడు. కర్ణుడితో అతడికి జరిగిన పోరు అధ్యాయాల తరబడి సాగింది. పలుమార్లు వెనుకంజ వేసిన కర్ణుడు చివరికి నిరాయుధుడైన భీముణ్ణి చేజిక్కించుకుని కూడా చంపలేదు. అర్జునుణ్ణి తప్ప మిగిలిన నలుగురినీ చంపనని కుంతికి ఇచ్చిన మాట అడ్డం వచ్చి, వింటి కొనతో తాకి, తిండిపోతువని ఎగతాళి చేసి వదిలేశాడు. ఆ రోజు కురుక్షేత్రంలో కదిలిన ప్రతి మనిషి వెనుకా ఏదో ఒక పాత ప్రతిజ్ఞ ఉన్నట్టు కనిపిస్తుంది.

ఇక భూరిశ్రవుడి ఘట్టం. ధర్మసంశయాల దృష్టితో చూస్తే సైంధవ వధ కంటే ఇదే లోతైనది. పూర్వం దేవకి స్వయంవరంలో, సాత్యకి తాత శిని ఆమెను వసుదేవుడి కోసం తీసుకుపోతుండగా అడ్డుపడిన సోమదత్తుణ్ణి నేలమీద పడదోసి, జుట్టు పట్టుకుని కాలితో తన్నాడు. శిని వంశంవాడికి అదే అవమానం చేసే కొడుకు కావాలని సోమదత్తుడు శివుణ్ణి వేడుకుని భూరిశ్రవుణ్ణి కన్నాడు. వ్యూహమంతా చీల్చుకుని అలిసిపోయి వచ్చిన సాత్యకిని ఆ సాయంత్రం భూరిశ్రవుడు కింద పడేసి, ఛాతీ మీద తన్ని, జుట్టు పట్టుకుని కత్తి ఎత్తాడు. కృష్ణుడు హెచ్చరించడంతో అర్జునుడు దూరం నుంచి బాణం వేసి, కత్తితో సహా ఆ చేతిని తెగగొట్టాడు.

యుద్ధారంభానికి ముందు రెండు పక్షాలూ కలిసి పెట్టుకున్న నియమాల్లో, ఇంకొకరితో పోరాడుతున్నవాణ్ణి మూడోవాడు కొట్టకూడదన్నది ఒకటి. భూరిశ్రవుడు ఆ మాటే అడిగాడు. నీతో యుద్ధం చేయని నన్ను కొట్టడం ఎవరు నేర్పారు, ఇంద్రుడా, ద్రోణుడా, కృపుడా అని నిలదీశాడు. తనవాడు కళ్లముందు చస్తుంటే చూస్తూ ఊరుకోనన్న తన వ్రతాన్ని అర్జునుడు చెప్పుకున్నాడు, నిరాయుధుడైన అభిమన్యుణ్ణి చంపినప్పుడు ఈ ధర్మం ఏమైందని ఎదురు ప్రశ్న వేశాడు. ఇద్దరి మాటల్లోనూ బలం ఉంది, ఇద్దరి చేతలూ మచ్చ లేనివి కావు. భూరిశ్రవుడు వాదన కొనసాగించకుండా ఎడమ చేత్తో బాణాలు పరచుకుని వాటి మీద కూర్చుని ప్రాయోపవేశం, అంటే ఆహారం విడిచి మరణానికి సిద్ధపడే వ్రతం పట్టాడు. ధ్యానంలో ఉన్న అతణ్ణి, చుట్టూ ఉన్నవాళ్లు వద్దు వద్దని అరుస్తుండగానే, తేరుకుని లేచిన సాత్యకి తల నరికాడు. తనను బతికుండగా కాలితో తన్నినవాణ్ణి, వాడు మునివ్రతంలో ఉన్నా సరే, చంపుతానన్నది తన ప్రతిజ్ఞ అని సమర్థించుకున్నాడు. ఆ పనిని అక్కడి సేనలు హర్షించలేదని సంజయుడు దాచకుండా చెప్పాడు.

సంజయుడి మాట వచ్చింది కాబట్టి ఒక అపోహ గురించి చెప్పుకోవాలి. అతడు హస్తినాపురంలో కూర్చుని యుద్ధాన్ని ఎప్పటికప్పుడు కళ్లకు కట్టినట్టు ధృతరాష్ట్రుడికి వినిపించాడని చాలామంది అనుకుంటారు. మూలంలో అలా లేదు. సేనాపతి కూలిన తర్వాత సంజయుడు రణభూమి నుంచి వచ్చి, ముందు మరణవార్త చెప్పి, ఆ పైన జరిగిందంతా వెనక్కి వెళ్లి వివరిస్తాడు. 14వ రోజు కథ చెప్పేటప్పటికి ద్రోణుడు చనిపోయి ఉన్నాడు. వినేవాడికీ చెప్పేవాడికీ ఫలితం ముందే తెలుసు. అందుకే ధృతరాష్ట్రుడి ప్రశ్నలన్నీ ఏం జరిగింది అనే కంటే, ఎందుకలా జరగనిచ్చారు అన్న ధోరణిలో సాగుతాయి.

భూరిశ్రవుడు పడేటప్పటికి సూర్యుడు పడమటి కొండను సమీపిస్తున్నాడు. వెండి వరాహం గుర్తుగా ఉన్న సైంధవుడి టెక్కెం కనిపించింది గాని, మధ్యలో దుర్యోధనుడు, కర్ణుడు, వృషసేనుడు, శల్యుడు, కృపుడు, అశ్వత్థామ అడ్డుగోడలా నిలిచారు. ఇక్కడ తెలుగువారి నోళ్లలో నలిగిన కథ ఒకటుంది. కృష్ణుడు సుదర్శన చక్రం అడ్డుపెట్టి సూర్యుణ్ణి కప్పేశాడని, పొద్దుగూకిందనుకుని సైంధవుడు సంతోషంతో తల ఎత్తి చూశాడని, చక్రం తొలగించగానే అర్జునుడు బాణం వేశాడని. చాలా ప్రతుల్లో చక్రం ప్రస్తావన లేకుండా, కృష్ణుడు యోగబలంతో చీకటి కల్పించినట్టు ఉంది. పుణేలోని భండార్కర్ ప్రాచ్య పరిశోధన సంస్థ 1919 నుంచి 1966 వరకు అనేక రాతప్రతులను పోల్చి సిద్ధం చేసిన సంశోధిత ప్రతిలో ద్రోణపర్వాన్ని పరిష్కరించినవారు సుశీల్ కుమార్ డే. అందులో ఈ చీకటి ఘట్టం ప్రధాన పాఠంలో లేదు. అక్కడ కృష్ణుడు చేసిందల్లా, సూర్యుడు అస్తాద్రికి చేరబోతున్నాడు, తొందరగా తల తెగనరకమని హెచ్చరించడం మాత్రమే. చీకటి మాయ కథగా ఎంత రక్తి కట్టినా, అది లేని పాఠంలోనే ఆ రోజంతా బిగిసిన గడువు ఎక్కడా సడలకుండా చివరి దాకా నిలుస్తుందని ఒప్పుకోవాలి.

సైంధవుడి తండ్రి వృద్ధక్షత్రుడి శాపం కూడా గండంగా ఉంది. తన కొడుకు తలను ఎవడు నేలమీద పడేస్తాడో వాడి తల నూరు ముక్కలవుతుందని ఆ తండ్రి ఎప్పుడో పలికాడు. కృష్ణుడు ఆ సంగతి చెప్పడంతో, అర్జునుడి బాణం సైంధవుడి తల తెంచి, నేల తాకనీయకుండా మోసుకుపోయి, కురుక్షేత్రమనే సమంతపంచకం వెలుపల సంధ్యోపాసన చేసుకుంటున్న వృద్ధక్షత్రుడి ఒడిలో పడేసింది. జపం ముగించి లేచిన తండ్రి ఒడిలోంచే కొడుకు తల నేల రాలింది, ఆయన శాపం ఆయనకే తగిలింది. దారుకుడు సిద్ధంగా ఉంచిన కృష్ణుడి రథం అర్జునుడికి అవసరపడలేదు. రథం పోగొట్టుకున్న సాత్యకి దాని మీదెక్కి కర్ణుడితో పోరాడాడు.

మామూలు లెక్క ప్రకారం రోజు ఇక్కడ ముగియాలి. దుర్యోధనుడు ద్రోణుణ్ణి మళ్లీ నిష్ఠురమాడాడు. మనసు విరిగిన ద్రోణుడు, పాండవుల పక్షాన ఉన్న పాంచాలురను చంపేదాకా కవచం విప్పనని మాట ఇచ్చి రాత్రిలోకి యుద్ధాన్ని నడిపించాడు. పొద్దున పాండవులను బంధించిన గడువు తీరిపోగానే, రెండు పక్షాలకూ గడువంటూ లేకుండా పోయింది. చీకట్లో తనవాడెవరో పగవాడెవరో తెలియక, పేర్లూ గోత్రాలూ కేకవేసి చెప్పుకుంటూ పోరాడారు. చివరికి కాల్బలం ఆయుధాలు దింపి దివిటీలు, నూనె పాత్రలు పట్టుకోవాలని దుర్యోధనుడు ఆజ్ఞాపించాడు. రథానికి 5, ఏనుగుకు 3, గుర్రానికి ఒక పెద్ద దీపం చొప్పున కౌరవులు వెలిగిస్తే, పాండవులు ఏనుగుకు 7, రథానికి 10, గుర్రానికి 2 చొప్పున వెలిగించారు. దీపాల దగ్గర కూడా పోటీ తప్పలేదు. ఆ రాత్రే కురువృద్ధుడు బాహ్లికుడు భీముడి చేతిలో, సోమదత్తుడు సాత్యకి చేతిలో చనిపోయారు. దేవకి స్వయంవరం నాటి పగ తండ్రీకొడుకులిద్దరినీ ఒకే రోజున తీసుకుపోయింది.

రాత్రి అయ్యేకొద్దీ రాక్షసుల బలం పెరుగుతుంది. భీముడికీ హిడింబకూ పుట్టిన ఘటోత్కచుణ్ణి కర్ణుడి మీదికి కృష్ణుడు అందుకే పంపాడు. కర్ణుడి దగ్గర, కవచకుండలాలకు బదులుగా ఇంద్రుడిచ్చిన శక్తి ఆయుధం ఉంది. ఒక్కసారి మాత్రమే పనిచేసే దాన్ని అతడు అర్జునుడి కోసం దాచుకున్నాడు. మాయాయుద్ధంతో సేన నాశనమవుతుంటే కౌరవులంతా కర్ణుణ్ణి వేడుకున్నారు. గత్యంతరం లేక శక్తిని ప్రయోగించాడు. ఘటోత్కచుడు చస్తూ చస్తూ దేహాన్ని పెంచి శత్రువుల మీద పడి, ఒక అక్షౌహిణిని నలిపేశాడు. పాండవులు ఏడుస్తుంటే కృష్ణుడు ఆనందంతో అర్జునుణ్ణి కౌగలించుకుని నర్తించాడు. అర్జునుడు నివ్వెరపోయి కారణం అడిగితే, శక్తి పోయిన కర్ణుడు ఇక మామూలు మనిషితో సమానమని వివరించాడు. సైంధవుణ్ణి పొద్దుండగా చంపకపోతే అర్జునుడు లేడు. చంపినందువల్ల రాత్రి యుద్ధం వచ్చింది. రాత్రి యుద్ధం వల్లనే ఘటోత్కచుడు కర్ణుడికి ఎదురుపడ్డాడు, శక్తి ఖర్చయింది. ఇన్ని రోజులుగా ఆ శక్తిని అర్జునుడి మీద ఎందుకు వేయలేదని ధృతరాష్ట్రుడు అడిగాడు. ప్రతి రాత్రీ తామంతా కర్ణుడికి అదే చెప్పామని, పొద్దున యుద్ధరంగంలో కృష్ణుణ్ణి చూడగానే ఆ సంగతే మరిచిపోయేవాళ్లమని సంజయుడు బదులిచ్చాడు.

తెలుగులో ఈ కథ తిక్కన చేతిలో పడింది. 13వ శతాబ్దంలో నెల్లూరు మనుమసిద్ధి ఆస్థానంలో ఉన్న ఆయన విరాటపర్వం నుంచి స్వర్గారోహణం దాకా 15 పర్వాలను తెనిగించి హరిహరనాథుడికి అంకితమిచ్చాడు. యుద్ధపర్వాలన్నీ తెలుగువారికి ఆ కలం నుంచే అందాయి. పుస్తకంలోనే కాదు, ఈ కథ ఆటల్లోనూ బతికుంది: చిత్తూరు ప్రాంతపు పల్లెల్లో ధర్మరాజు గుళ్ల దగ్గర 18 రోజులు జరిగే భారత ఉత్సవాల్లో పగలు హరికథ, రాత్రి వీధినాటకం నడుస్తాయి, చివరికి మట్టితో చేసిన దుర్యోధనుడి విగ్రహం దగ్గర వధ ఘట్టం ఆడతారు.

మళ్లీ ఆ రాత్రికి వస్తే, ఘటోత్కచుడి మరణంతో కుంగిపోయి కర్ణుడి మీదికి స్వయంగా బయలుదేరిన ధర్మరాజును వ్యాసుడు వచ్చి ఆపాడు. అప్పటికే రెండు సేనలూ నిద్ర ఆపుకోలేకపోతున్నాయి. ఆయుధాలు చేతుల్లోంచి జారుతున్నాయి. చంద్రుడు ఉదయించేదాకా ఉన్నచోటే పడుకోమని అర్జునుడు ప్రకటిస్తే, కౌరవ సేన కూడా అతణ్ణి దీవించింది. గుర్రాల వీపుల మీద, రథాల నొగల్లో, ఏనుగుల మెడల మీద, వట్టి నేల మీద అందరూ నిద్రపోయారు. ద్రోణవధ పర్వం మొదలయ్యేది ఈ రాత్రి మధ్యనే. రాత్రిలో మూడో వంతు మిగిలి ఉండగా చంద్రుడు పైకి రావడంతో లేచి, ముఖం కడుక్కునే తీరిక లేకుండా యుద్ధం మొదలుపెట్టారు; తెల్లవారుజామున ద్రోణుడి చేతిలో పాండవ పక్షపు రాజులు ద్రుపదుడూ విరాటుడూ కూలిపోయారు.